కారు నాది... చెయ్యీ నాదే!

"మీ ఆయన ఏ కారు నడుపుతారు మేడమ్?"

కౌంటరు అవతల కుర్రాడు ఎంతో మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాద చూసే నాకు ఒళ్ళు మండింది. నేనడిగింది నా కారుకి గేరు రాడ్డు. నడిపేది నేను. డబ్బు కట్టేది నేను. రోజుకి వందసార్లకి పైగా ఆ రాడ్డుని ముందుకి తోసి, వెనక్కి లాగి, భుజం పట్టేసి, రాత్రిళ్ళు కుడిపక్కకి తిరిగి పడుకోలేక అవస్థపడేది నేను. మధ్యలో మావారెక్కడి నుంచి వచ్చారు?

"మావారు ఈ కారు ముట్టుకోరు బాబూ. కారు నాది. చెయ్యీ నాదే" అన్నాను.

పాపం, కుర్రాడు సిగ్గుపడి సారీ చెప్పాడు. చెప్పి, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, ఎవరైనా మగవాళ్ళు వస్తున్నారేమోనని!

ఇది జరిగింది అమెరికాలో, ఓహైయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో. "అమెరికాలో కూడానా?" అని ముక్కు మీద వేలేసుకుంటున్నారా? అక్కడ కూడానే! కార్ల సామాన్ల కొట్టు దగ్గరికి వచ్చేసరికి తెనాలైనా, కొలంబసైనా ఒక్కటే. కూరగాయలు ఏరుకోవడానికి మన చెయ్యి పనికొస్తుంది. చీర నేత చూడ్డానికి పనికొస్తుంది. బిడ్డ ఒళ్ళు కాలుతోందో లేదో చెప్పడానికి థర్మామీటరు కంటే ముందు పనికొస్తుంది. కారు గేరు బిగుసుగా ఉందో, వదులుగా ఉందో చెప్పడానికి మాత్రం ఆ చేతికి అర్హత లేదట!

ఇంతకీ నా గోడు చెప్పుకోడానికి మాత్రమే ఇది రాయడం లేదు. నేనొక పొరపాటు చేశాను. డబ్బు పోగొట్టుకున్నాను. ఒక సాయంత్రం మా అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని పెద్ద ప్రమాదం అంచుదాకా వెళ్ళాను. అది మీలో ఏ ఒక్కరికి తప్పినా ఈ రాత సార్థకమే.

గేరు కారే ఎందుకు?

నేను కాకినాడలో కారు నేర్చుకున్నాను. నాన్నగారి ప్రీమియర్ పద్మినికి గేరు స్టీరింగు పక్కన ఉండేది. గొడుగు కామ పట్టుకుని తిప్పుతున్నట్టుండేది ఆ వ్యవహారం. తర్వాత మారుతీ 800 మీద చెయ్యి తిరిగింది. 2004లో పెళ్ళై అమెరికా వచ్చాక చూస్తే అందరివీ ఆటోమేటిక్ కార్లే. కాళ్ళ కింద రెండే పెడల్స్. ఎడమకాలికి పనే లేదు!

పిల్లలు పెద్దవాళ్ళై నేను ఆసుపత్రి లాబ్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు నాకంటూ ఓ కారు కావలసి వచ్చింది. పన్నెండేళ్ళ పాత గేరు కారు ఒకటి చవగ్గా దొరికింది. ఎంచేతంటే, ఆ చుట్టుపక్కల దాన్ని నడపగలిగేవాళ్ళే తక్కువ. కొనేవాడు లేక పడి ఉంది. నాకు వచ్చిన విద్యకి ఇన్నాళ్ళకి ఓ విలువ దొరికిందనిపించింది. అప్పు లేకుండా, నా జీతం డబ్బుతో కొనుక్కున్నాను.

రెండేళ్ళు హాయిగా తిరిగాను. తర్వాత మొదలైంది భుజం నొప్పి. చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేను. వెనక్కి తిప్పి హుక్కు పెట్టుకోలేను. నలభై దాటిన ఆడవాళ్ళలో చాలామందికి తెలిసిన బాధే ఇది. భుజం బిగుసుకుపోయిందన్నారు డాక్టరుగారు. వ్యాయామాలు నేర్పిన ఆవిడ "చెయ్యి వెనక్కి లాగే పనులు కొన్నాళ్ళు తగ్గించండి" అంది.

వెనక్కి లాగే పని నాకు రోజూ ఉన్నది ఒక్కటే. రెండో గేరు, నాలుగో గేరు! నేను అయిదడుగుల మనిషిని. క్లచ్ పూర్తిగా అందాలంటే సీటు బాగా ముందుకి జరుపుకోవాలి. అలా జరిగితే గేరు రాడ్డు నా ఎదురుగా కాదు, నడుము పక్కకి వస్తుంది. రెండో గేరు లాగినప్పుడల్లా మోచెయ్యి సీటు వెనక్కి పోతుంది. ఆరడుగుల మనిషి ఈ కారులో కూచుంటే ఆ బాధే ఉండదు. కారు తయారుచేసినవాళ్ళ ఊహలో ఎవరు కూచున్నారో మీరే ఆలోచించుకోండి.

"అమ్మేసి ఆటోమేటిక్ కొనుక్కుందాం" అన్నారు మావారు. ప్రేమతోనే అన్నారు. కానీ మళ్ళీ అప్పు, మళ్ళీ నెలనెలా కంతులు. పైగా మా అమ్మాయి ఈ కారు మీద గేర్లు నేర్చుకుంటానని కూచుంది. నా వల్ల దానికి అందే విద్య అదొక్కటేనేమో అనిపించింది. "చూద్దాం లెండి" అన్నాను.

పొట్టి రాడ్డు అంటే?

అప్పుడు తెలిసింది 'షార్ట్ త్రో షిఫ్టర్' గురించి. పేరు విని బెదిరిపోకండి. మామూలు గేరు రాడ్డుని ఒక గేరులోంచి ఇంకో గేరులోకి వెయ్యడానికి చెయ్యి ఎంత దూరం కదలాలో, ఆ దూరాన్ని తగ్గించే సామాను. కారుతో వచ్చేది కాదు. వేరే కంపెనీలు చేసి అమ్ముతాయి. మనం కొని బిగించుకోవాలి.

ఇవి కొనేది ఎక్కువగా కుర్రకారు. గేరు టకటకా పడితే వాళ్ళకి సరదా. దీనివల్ల కారు ఇంజనుకి బలం పెరగదు, వేగమూ పెరగదు. చెయ్యి కదిలే దూరం తగ్గుతుంది, అంతే. కానీ నాకు కావలసింది అదే కదా! మోచెయ్యి వెనక్కి పోకుండా ఉంటే చాలు. కుర్రాళ్ళ సరదా సామాను ఓ పొట్టి ఆడమనిషి అవసరం తీరుస్తుందంటే నాకు భలే సంతోషమేసింది.

మావారి స్నేహితుడొకాయన ఉన్నారు, కార్లంటే ప్రాణం. "కొంటే పెద్దదే కొనాలమ్మా. నలభై శాతం తగ్గించేది తీసుకో. మిగతావన్నీ దండగ" అన్నారు. నేనూ నమ్మాను. డబ్బు ఎక్కువ పెడితే మంచి వస్తువనుకునే బుద్ధి మనకి పట్టుచీరల కొట్లోనే అలవాటవుతుంది కాబోలు!

అడకత్తెర చెప్పిన పాఠం

ఇక్కడే నేను మా అమ్మమ్మ అడకత్తెరని మరిచిపోయాను.

వక్క కత్తిరించేటప్పుడు అమ్మమ్మ దాన్ని ఎక్కడ పెట్టేది? కొసన కాదు, లోపల మడత బందు దగ్గరగా. అక్కడైతే చేతులు చాలా దూరం కదలాలి, కానీ బలం అక్కర్లేదు. కొసన పెడితే చేతులు కొంచెమే కదుల్తాయి, కానీ ఎంత నొక్కినా వక్క తెగదు. గేరు రాడ్డూ అంతే. అది ఒక ఇరుసు మీద తిరిగే మీట. ఇరుసుకి పైన పొడుగు, కింద పొట్టి. పైన మన చెయ్యి బారెడు కదిలితే కింద గేరు బాక్సుకి వెళ్ళే కేబుల్ బెత్తెడు కదులుతుంది. దూరం మనమిస్తాం, బలం అది ఇస్తుంది.

చెయ్యి కదిలే దూరం తగ్గించాలంటే ఇరుసు పైభాగం పొట్టి చెయ్యాలి, లేదా కిందిభాగం పొడుగు చెయ్యాలి. ఏం చేసినా పుణ్యానికి ఏదీ రాదు. దూరం తగ్గినంత మేరా బలం పెరగాల్సిందే. లెక్క చూడండి. 20 శాతం దూరం తగ్గిస్తే చేతి బలం 25 శాతం ఎక్కువ పెట్టాలి. 40 శాతం తగ్గిస్తే దాదాపు 67 శాతం ఎక్కువ పెట్టాలి! అంటే ఇదివరకు మూడు కిలోల బలంతో పడిన గేరుకి ఇప్పుడు అయిదు కిలోలు కావాలి.

నేను కొన్న పెట్టె మీద "40 శాతం తక్కువ దూరం" అని పెద్ద అక్షరాలతో ఉంది. పక్కనే "67 శాతం ఎక్కువ బలం" అని చిన్న అక్షరాలతో కూడా లేదు. అబద్ధం రాయలేదు సుమండీ. సగం నిజం రాశారు. పెళ్ళి సంబంధాల్లో కుర్రాడి జీతం చెప్పి, అప్పు చెప్పనట్టు!

ఆ సాయంత్రం

డిసెంబరులో బిగించారు. బిగించిన షెడ్డు వాళ్ళు పాత రాడ్డు తీసి, కొత్తది పెట్టి, డబ్బు తీసుకున్నారు. ఎందుకు మారుస్తున్నావని అడగలేదు. మిగతావన్నీ ఎలా ఉన్నాయో చూడలేదు.

మర్నాడు పొద్దున మైనస్ 10 డిగ్రీల చలి. చలికి గేరు ఆయిలు చిక్కబడుతుంది. ఆయిలు చిక్కబడితే మామూలు రోజునే గేరు బద్ధకంగా పడుతుంది. ఇప్పుడు బలం ఇంకా ఎక్కువ కావాలాయె. సిగ్నల్ దగ్గర మొదటి గేరులో కదిలి రెండోది లాగబోతే రాదు. వెనక కార్లవాళ్ళు హారన్లు. స్టీరింగు వదిలేసి రెండు చేతులా లాగాను. ఆ రెండు క్షణాలు స్టీరింగు మీద ఎవరి చెయ్యీ లేదు. తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడ.

వారం గడిచింది. ఓ సాయంత్రం అమ్మాయిని తీసుకుని పెద్ద రోడ్డు మీంచి పక్కకి దిగుతున్నాను. అయిదో గేరులోంచి నాలుగులోకి వెయ్యాలి. కొత్త రాడ్డులో గేరుకీ గేరుకీ మధ్య జాగా ఇరుకు. నాకింకా చెయ్యి అలవాటు పడలేదు. నాలుగనుకుని లాగింది రెండో గేరులో పడింది! క్లచ్ సగం వదిలేసరికి ఇంజను గావుకేక పెట్టింది. కారు ముందుకి విసిరేసినట్టైంది. కాలు దానంతటదే మళ్ళీ క్లచ్ తొక్కేసింది కాబట్టి సరిపోయింది. పూర్తిగా వదిలుంటే చక్రాల వేగం ఇంజనుని దాని హద్దు దాటించి తిప్పేది. ఇంజను పాడవ్వడం అటుంచండి, తడిరోడ్డు మీద కారు ఎటు తిరిగేదో!

అమ్మాయి ఏమీ అనలేదు. నా చేతి మీద చెయ్యి వేసింది. ఆ రాత్రి నేను చేసిన పనేమిటో తెలుసా? రాడ్డు బిల్లు హ్యాండ్‌బ్యాగు అడుగున దాచాను. మావారు చూస్తే తిడతారని కాదు. ఆయన తిట్టే మనిషి కాదు. "ఆడవాళ్ళకి కార్ల సంగతులెందుకు" అని ఎవరో ఎప్పుడో అన్న మాట నిజమైపోతుందని. మా గరాజ్‌లో మావారు కొని ఒక్కసారీ వాడని డ్రిల్లింగు మెషీన్లు రెండున్నాయి. అవి చూసి "మగవాళ్ళకి పనిముట్ల సంగతి తెలీదు" అని ఎవరూ అనలేదే! మగవాడి పొరపాటు ఆ మనిషి పొరపాటు. ఆడదాని పొరపాటు మాత్రం ఆడజాతి మొత్తానిదీ. ఈ లెక్క ఎవరు నేర్పారు మనకి?

బిల్లు తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను. "రేపు వేరే షెడ్డుకి వెళ్దాం, నేనూ వస్తా" అన్నారు. "రండి. కానీ మాట్లాడేది నేను" అన్నాను.

రాడ్డు పక్కన బొమ్మలమా?

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పనివ్వండి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ తయారుచేసిన మోటారు బండిని ఆయనకి చెప్పకుండానే తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్ళింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్రోలు కారులో అంత దూరం ప్రయాణం చేసినవాళ్ళు అంతకుముందు లేరు. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేక పిల్లలు దిగి బండిని తోయాల్సి వచ్చింది. తిరిగొచ్చాక భర్తకి చెప్పిందట, దీనికి ఎత్తులెక్కడానికి ఇంకో గేరు పెట్టమని. కారుకి ఇంకో గేరు కావాలని చెప్పింది నడిపిన ఆడమనిషి!

ఆ తర్వాత? 1960లలో అమెరికాలో గేరు రాడ్లకి పేరుమోసిన హర్స్ట్ కంపెనీ ఉండేది. 1964లో పాంటియాక్ జీటీవో కారు ఆ రాడ్డుతోనే కంపెనీ నుంచి వచ్చేది. అలాంటి కంపెనీ 1966లో లిండా వాన్ అనే అమ్మాయిని 'మిస్ హర్స్ట్ గోల్డెన్ షిఫ్టర్' అన్నారు. పందేల మైదానంలో కారు మీద నిలువెత్తు బంగారురంగు గేరు రాడ్డు బొమ్మ, దాని పక్కన నిలబడి చెయ్యూపుతూ ఆవిడ. ఆవిడ పని ఆవిడ గొప్పగానే చేసింది, ఆ రంగంలో ఎంతో గౌరవం సంపాదించుకుంది. నా బాధ ఆవిడ మీద కాదు. గేరు కావాలని అడిగిన ఆడదాన్ని తీసుకొచ్చి గేరు పక్కన బొమ్మలా నిలబెట్టిన బుద్ధి మీద.

అదే రోజుల్లో షర్లీ మల్డౌనీ అనే ఆవిడ ఆ పందేల కార్లు నడపడానికి లైసెన్సు సంపాదించి, 1977లో ఆ పోటీల్లో అన్నిటికన్నా వేగమైన టాప్ ఫ్యూయల్ విభాగంలో జాతీయ చాంపియన్ అయింది. మళ్ళీ 1980లో, మళ్ళీ 1982లో! చేతికి పట్టు లేకనా?

ముందు జబ్బేమిటో చూడాలి

రెండో షెడ్డులో ఉన్నది ఓ పెద్దాయన. ఆయన మావారి వంక చూడలేదు. నన్నే అడిగాడు, "నొప్పి ఎక్కడ? కారుకి కాదు, నీకు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయంటే నమ్మండి. ఆ ప్రశ్న మొదటే ఎవరైనా అడిగుంటే ఇంత తతంగం ఉండేది కాదు.

నన్ను సీట్లో కూచోబెట్టి మోచెయ్యి ఎక్కడిదాకా పోతోందో చూశాడు. సీటు ఓ అంగుళం పైకెత్తించాడు. తర్వాత నా పాత రాడ్డు తెమ్మని, దాన్నే మళ్ళీ పెట్టి, కదిపి చూపించాడు. కేబుల్ కొసన ఉండే చిన్న ప్లాస్టిక్ బుష్ అరిగిపోయింది. రాడ్డు కదిలినా కేబుల్ కదలకుండా కొంత దూరం ఉత్తినే పోతోంది. నేను 'పొడుగు' అనుకున్న దాంట్లో కొంత పొడుగు కాదు, వదులు! రవిక వదులైతే కుట్టు వేయించుకుంటాం గానీ చెయ్యి కత్తిరించుకోం కదా.

బుష్షులు మార్చాడు. రెండు సినిమా టిక్కెట్ల ఖరీదు కూడా కాలేదు. ఏళ్ళ తరబడి మార్చని గేరు ఆయిలు తీసి, కారు పుస్తకంలో రాసిన రకమే పోశాడు. సగం కష్టం అక్కడే తీరిపోయింది. ఆ తర్వాత నేనే అడిగి 20 శాతం తగ్గించే రాడ్డు వేయించుకున్నాను. కొత్త బుష్షులు, కొత్త ఆయిలు వల్ల తగ్గిన బలంలో ఈ రాడ్డు అడిగే అదనపు బలం సర్దుకుంది. మోచెయ్యి ఇప్పుడు సీటు దాటి పోవడం లేదు. వ్యాయామాలు మానలేదు. భుజం కుదుటపడింది. మొదటి రాడ్డు డబ్బు మాత్రం గంగపాలు.

ఆయన దగ్గర నేర్చుకున్నది మీకూ చెబుతాను. ఇది అమెరికా కారుకే కాదు, మన ఊళ్ళో కారుకీ పనికొస్తుంది.

కారు ఆపి, హ్యాండు బ్రేకు వేసి, ఇంజను ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి గేర్లన్నీ వేసి చూడండి. తర్వాత ఇంజను స్టార్టు చేసి, క్లచ్ తొక్కే ఉంచి, మళ్ళీ చూడండి. ఇంజను ఆగినప్పుడు తేలిగ్గా పడి, నడుస్తున్నప్పుడు మొరాయిస్తే తప్పు చాలావరకు క్లచ్‌ది. రాడ్డు మారిస్తే ఏమీ ఒరగదు. న్యూట్రల్‌లో కాకుండా గేరులో ఉన్నప్పుడు కూడా రాడ్డు లొడలొడా ఊగుతుంటే బుష్షులు చూపించండి. పొద్దున్నే బిగుసుగా ఉండి, నాలుగు కిలోమీటర్లు పోయాక తేలికైతే ఆయిలు చూపించండి. ఏదో ఒక్క గేరే కరకరమంటుంటే లోపల సింక్రో రింగు అరిగి ఉండొచ్చు. గేరు వేసేముందు తిరిగే పళ్ళ వేగాన్ని సర్ది కలిపే రింగు అది. అలాంటి గేరు బాక్సుకి పొట్టి రాడ్డు పెట్టి గబుక్కున తోశారంటే, మండే పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టే.

ఇవన్నీ బాగుండి, అప్పటికీ దూరమే బాధైతే అప్పుడు కొనండి పొట్టి రాడ్డు. కొనేటప్పుడు నాలుగు సంగతులు అడగండి. దూరం ఎంత తగ్గుతుంది, బలం ఎంత పెరుగుతుంది? గుండు కిందకి దిగుతుందా, ఇప్పుడున్న ఎత్తులోనే ఉంటుందా? పైభాగం కోసి పొట్టి చేసిన రాడ్డైతే చవగ్గా వస్తుంది గానీ, గుండు కిందకి దిగి చెయ్యి వంచాల్సి వస్తుంది. రివర్సు గేరుకి ఉన్న అడ్డు ముందటిలాగే పనిచేస్తుందా? రబ్బరు, ప్లాస్టిక్ బుష్షుల బదులు ఇత్తడివి వేస్తే గేరు ఖచ్చితంగా పడుతుంది నిజమే, కానీ గేరు బాక్సు గరగర, వణుకు చేతిదాకా వస్తాయి. అది మీకు పడుతుందా? వీలైతే ఆ రాడ్డు ఉన్న కారు ఎక్కి ఒక్కసారి గేర్లు వేసి చూడండి. చెప్పుల జతైనా తొడిగి చూడకుండా కొనం కదా!

కాగితాల మాట కూడా మరవకండి. అమెరికాలో 1975 నాటి చట్టం ఒకటుంది. వేరే కంపెనీ సామాను పెట్టారన్న ఒక్క కారణంతో వారంటీ కాదనకూడదు, చెడింది దానివల్లేనని చూపించాలి. మన దేశంలో కారు వారంటీ పుస్తకంలోని షరతులు చదివాకే చెయ్యి పెట్టించండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పులు చెయ్యొద్దంటుంది. గేరు రాడ్డు పొడవు ఆర్సీలో ఉండదు. అయినా బీమా కంపెనీకి ఓ మాట రాసి పడేస్తే మనశ్శాంతి.

ఇప్పుడంతా ఆటోమేటిక్ కదా?

"ఎందుకీ గొడవంతా, ఆటోమేటిక్ కొనుక్కోక" అని మీలో కొందరు అంటారు. నిజమే. మన దగ్గర కూడా 2014 నుంచి చిన్నకార్లలో తక్కువ ధరకే క్లచ్ పెడల్ లేని రకం వచ్చింది. కరెంటు కార్లకైతే క్లచ్చూ లేదు, గేరు రాడ్డూ లేదు. కొనగలిగినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు హాయిగా కొనుక్కోండి. ఆటోమేటిక్ నడిపితే నామోషీ అనే మగరాయుళ్ళ మాట నాకూ గిట్టదు. నేననేది ఒక్కటే. ఇంట్లో ఉన్నది గేరు కారైతే, అది మీకు కష్టంగా ఉంటే, ఆ కష్టం మీ చేతగానితనం అనుకోకండి. ముందు కారుని అనుమానించండి!

ఎందుకంటున్నానో వినండి. పోయిన సంక్రాంతికి తెనాలి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సూ వచ్చింది, కానీ నెలరోజులుగా కారు తియ్యడం మానేసిందట.

"గేరు పడటంలేదక్కా. నేర్పినాయన అన్నాడు, ఆడవాళ్ళ చేతికి అంత బలం ఉండదమ్మా, రిక్షాలో పోవడం సుఖం అని. మీ మరిది కూడా నిజమే కాబోలు అన్నారు" అంది. గొంతులో ఎంత చిన్నతనమో!

"ఇప్పుడు కారు దగ్గరికెళ్ళు. ఇంజను స్టార్టు చెయ్యకుండా క్లచ్ తొక్కి గేర్లు వెయ్యి" అన్నాను.

ఫోను పట్టుకుని వెళ్ళింది. "పడుతున్నాయక్కా! ఒక్క వేలితో పడుతున్నాయి!"

"క్లచ్ మీద కాలు అలాగే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్టార్టు చేసి వెయ్యి."

కాసేపు చప్పుడు లేదు. "రావడంలేదు..."

మర్నాడు మెకానిక్కు వచ్చి క్లచ్ కేబులు సాగిపోయిందని చూసి బిగించి వెళ్ళాడు. పావుగంట పని. సాయంత్రం అది అత్తగారిని ఎక్కించుకుని గుడికి వెళ్ళొచ్చింది.

నెలరోజులు ఒక ఆడమనిషి ఇంట్లో కూచుంది, ఓ సాగిన కేబులు కోసం. చేతికి బలం లేదన్న మాట నమ్మి. బిందెలు మోసిన చెయ్యి, రుబ్బురోలు తిప్పిన చెయ్యి, ఇద్దరు బిడ్డల్ని చంకనేసుకుని బస్సులెక్కిన చెయ్యి! ఆ చేతికి బలం లేదంటే అది నమ్మింది. కారుకి జబ్బు ఉందేమోనని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

అందుకే చెబుతున్నాను. పొట్టి రాడ్డు వేయించుకుంటారో, పాతదే ఉంచుకుంటారో, కారే మార్చుకుంటారో మీ ఇష్టం. ఏదైనా మీ చెయ్యి చెప్పింది విని చెయ్యండి. షెడ్డుకి మీరే వెళ్ళండి. పాత సామాను చూపించమనండి. "మీ ఆయన ఏ కారు నడుపుతారు?" అని అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు మీకు తెలుసు కదా!